కుడిచెవిలో నూనె

నూనె పడింది. వెచ్చగా, ఒక్కో బొట్టు లోపలికి జారి, తలకాయ నడుమ ఎక్కడో పోయి ఆగింది. వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నువ్వుల నూనె. నా భార్య మరియంబీ చెంచా పక్కన పెట్టి, చెవి మీద చిటికెడు దూది అద్ది, భుజం మీద చేయి వేసి నొక్కింది. కదలొద్దు అని. కదలను. సాయంత్రపు అసర్ నమాజ్ వేళ అయ్యేదాకా ఇట్లాగే ఎడమ పక్కకు తిరిగి, గోడను చూస్తూ పడుకుంటాను. వేళకు లేచి, తల వంచి నూనె కార్చేసి, చేతులూ ముఖమూ కాళ్లూ కడిగి వజూ చేసుకుని, సందు చివర ఉన్న మా మసీదుకు పోయి అజాన్ ఇస్తాను. ఈ రోజు ఆ అజాన్ వినడానికి మసీదు కమిటీ వాళ్లంతా వస్తారు. విని, నన్ను, ఈ పీరా సాబ్‌ను, ఇంకా అజాన్ ఇచ్చే మౌజన్‌గా ఉంచాలో, చాలించుకోమనాలో తేలుస్తారు. ఆదోనిలో ఈ సందు జనాన్ని ఇన్నేళ్లు ఐదు పూటలా నమాజుకు పిలిచిన గొంతుకు ఇప్పుడు పరీక్ష. నవ్వొస్తుంది. నవ్వితే నూనె కదులుతుంది కాబట్టి నవ్వను. గోడ మీద కిటికీ ఎండ ఒక చారగా పడింది. అది మెల్లగా పైకి పాకి, పాత క్యాలెండర్ అంచును తాకిందంటే వేళ అయినట్టే. అయినా నా కళ్ల మీద కూడా నాకు నమ్మకం తగ్గింది, అందుకని మరియంబీకి చెప్పి పెట్టాను, వేళకు తట్టమని. తల ఊపింది. ఇంట్లో గడియారం ఉంది, సెల్‌ఫోన్ ఉంది, రెండూ మోగుతాయి. మోగితే నాకేం ఒరిగింది.

నూనె దిగిన చెవి బావిలో బిందె మునిగినట్టు ఉంది. బయటిది ఏదీ లోపలికి రాదు. లోపలిది మాత్రం పెద్దదవుతుంది. గుండె చప్పుడు చెవిలో కొట్టుకుంటోంది, ధన్, ధన్, ధన్. ఇది నాకు కొత్త చప్పుడు కాదు. మా నాయన దూది ఏకే విల్లు ఇట్లాగే మోగేది. మాది దూదేకుల ఇల్లు. చూరుకు వేలాడదీసిన విల్లు, దాని నారి మీద కొయ్య గుండు దెబ్బ, దెబ్బకొక్కసారి ముద్దగా ఉన్న పత్తి విచ్చుకుని గాల్లోకి లేవడం, ఆ తెల్లటి తెరలో మా నాయన మీసం, కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ పండినట్టు కనబడడం. నాయన ముసలివాడు కాకుండానే చచ్చిపోయాడు గానీ, నా జ్ఞాపకంలో ఆయన ఎప్పుడూ తెల్లటి మనిషే. అమ్మ పక్కన కూర్చుని గింజలు, ఆకుముక్కలు ఏరేది. అజాన్ వినబడిందా, చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపి, కొంగు తల మీదికి లాక్కునేది. కొంగు నిండా దూది పింజెలే. పెదాలు మాత్రం సన్నగా కదిలేవి. ఏమంటాండావమ్మా అని అడిగితే, అంతా అయినాక చెప్పేది, "ఆయప్ప అంత దూరం నుంచి పిలుస్తాండాడు కదప్పా, పిలిచినోళ్లకు బదులు సెప్పొద్దా?" అని. పిలుపు ఆకాశంలో, బదులు ఆమె నోట్లో. అది ఎట్లా చేరుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

పిలిచేవాణ్ణి కావాలని అప్పుడే పుట్టిందేమో కోరిక. కానీ దూదేకులోళ్లకు అంత సులువా. ఉర్దూ మా ఇళ్లలో లేదు. అమ్మ దువా కూడా సగం తెలుగులో అడిగేది. నన్ను మౌజన్‌గా పెట్టినప్పుడు సందులో కొందరు మూతి విరిచారు, వీడి అజాన్‌లో కందిపప్పు వాసన వస్తుంది అన్నారు. అనుకోనీ. ఇప్పటి కమిటీ పెద్ద నయీమ్ వాళ్ల నాయన పట్టుబట్టి నన్నే పెట్టాడు. గొంతు చూసి పెట్టాడు. ఆ గొంతు మదరసాలో వచ్చింది కాదు, మా పరుపుల దుకాణంలో దూది ఏకే మిషను పక్కన నిలబడి, ముందున్న మనిషితో గొంతెత్తి మాట్లాడి మాట్లాడి వచ్చింది. మొదటి రోజు ఆయనే నేర్పించాడు, కిబ్లా వైపు, పడమటికి తిరిగి నిలబడు, చూపుడువేళ్లు రెండు చెవుల్లో పెట్టుకో, అప్పుడు గొంతు సాగుతుంది, అని. పెట్టుకున్నాను. అబ్బా, ఆ రోజు. బయట మార్కెట్ లారీలు, బండ్లు, కుక్కలు అన్నీ ఒక్కసారిగా పోయి, లోపల నా గొంతొక్కటే మిగిలింది. ఎముకల్లోంచి మోగింది. లోకంలో నేనూ, పిలుపూ తప్ప ఏమీ లేనట్టు. ఆ క్షణం కోసమే ఇన్నేళ్లు తెల్లవారకముందే లేచాను. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లి పనులున్నా, ఊళ్లో ఉన్నానంటే అజాన్ వేళకు నేను మసీదులోనే. మరియంబీ ఒకసారి అంది, "నీకు నాకన్నా ఆ మైకే పెండ్లాము" అని. తప్పేమీ అనలేదు.

వేళ్లు చెవుల్లో పెట్టుకుని పిలవడంలో ఒక తిరకాసు ఉంది. చెవి ఉన్నవాడికీ, లేనివాడికీ ఆ కాసేపు ఒకటే. ఎడమ చెవి ఎప్పుడు పోయిందో నాకు తెలియకపోవడానికి అదే కారణం. విల్లు పోయి మిషను వచ్చింది, అది నా ఎడమ పక్కన ఏళ్ల తరబడి గర్జించింది, చెవి కొంచెం కొంచెంగా అరిగిపోయింది, నేను మాత్రం రోజుకు ఐదుసార్లు నా గొంతు నిండుగా విని, నా చెవులకేం, దివ్యంగా ఉన్నాయి అనుకున్నాను. ఎవరైనా ఎడమ పక్క నుంచి పిలిస్తే పలకకపోవడం చూసి మరియంబీయే కనిపెట్టింది. సరే, కుడిచెవి ఉంది కదా. ఒంటిచెవితో లోకం నడిచిపోతుంది. నన్ను బాధపెట్టింది చెవి కాదు, ముక్కు. నాయన మీసాల మీద వాలిన దూదే నా ముక్కులో గూడు కట్టింది. తెల్లారితే తుమ్ములు, నుదురు బరువు, కళ్ల కింద పోటు. గొంతు సరిగ్గానే ఉన్నా అజాన్ ముక్కులోంచి వస్తోందని సందులో అనుకోవడం మొదలైంది. నయీమ్ మర్యాదస్తుడు, వినీ విననట్టు ఊరుకున్నాడు.

ఎండ చార జానెడు పాకింది. ఇంకా చాలా ఉంది. దేవేంద్రప్ప గుర్తొస్తున్నాడు. ఎమ్మిగనూరు నేతగాడు. పరుపుల గలీబులకు దిట్టమైన గుడ్డ తెచ్చి మా దుకాణానికి వేసేవాడు. ఉరుకుంద ఈరన్న భక్తుడు, నుదుట విభూతి, వయసులో నాకన్నా పెద్దవాడు, అయినా బస్సు దిగి మూట తలమీద పెట్టుకుని ఉయ్యాలలా ఊగుతూ నడిచొచ్చేవాడు. వాళ్ల ఊళ్లో పొద్దున్నే పదిమందిని చేర్చి ఆసనాలు వేయిస్తాడు. నేను వరసగా తుమ్ముతుంటే గుడ్డ మూట మీద కూర్చుని నింపాదిగా చూసి అన్నాడు, "పీరన్నా, నీ ముక్కులో ఒక పరుపుకు సరిపోయేంత దూది ఉన్నట్టుందప్పా. మా ఊరికి రా, కడిగి పంపిస్తా." నేను నవ్వాను. అయినా పోయాను. తెల్లవారుజాము అజాన్ ఇచ్చి, మొదటి బస్సెక్కి, మధ్యాహ్నం జొహర్ నమాజుకు తిరిగి రావాలని లెక్క వేసుకుని. వాళ్ల పెరట్లో మగ్గం గుంత పక్కన రాయి మీద కూర్చోబెట్టాడు. చేతిలో ఇత్తడి చెంబు, దానికి సన్నటి కొమ్ము. చూడగానే నాకు మసీదులో వజూ చేసుకునే బద్నా గుర్తొచ్చింది. "ఇది మా బద్నాకు తమ్ముడు కదప్పా" అన్నాను. గోరువెచ్చటి నీళ్లలో ఉప్పు కలిపి, వేలితో నాలుక మీద చూసి, చెంబు నా చేతికిచ్చాడు.

"తల పక్కకు వంచు. కొమ్ము ఈ ముక్కులో పెట్టు. నోటితో గాలి తీస్కో. ముక్కుతో మాత్రం పీల్చొద్దు. సుమ్మనే ఉండు, ఏమీ సెయ్యొద్దు. నీళ్లకు దోవ తెల్సు, అవే ఆ ముక్కులోంచి ఈడికి వస్తాయి."

"నాకు నేర్పిస్తాండావా దేవేంద్రప్పా? దినానికి ఐదుసార్లు ముక్కులోకి నీళ్లు ఎక్కిచ్చేటోళ్లము మేము."

"ఎక్కిచ్చేది వేరే, పోనిచ్చేది వేరే" అన్నాడు. ఇంకోటీ అన్నాడు, వేలు చూపించి మరీ అన్నాడు, "అయినంక ముందుకు వంగి మెల్లగా గాలి ఇడువు, ఆరిపోతుంది. ముక్కు పట్టుకుని గట్టిగా సీదొద్దు. సీదితే నీళ్లు సెవిలోకి ఎక్కుతాయి."

విన్నాను. ఈ చెవితోనే విన్నాను. ఇప్పుడు నూనెలో మునిగి ఉన్న ఈ చెవితోనే.

నీళ్లు పోయాయి. ఒక పక్క పోస్తే ఇంకో పక్క నుంచి ధారగా, నేను ఏమీ చేయకుండానే. లోపల ఏళ్లుగా మూసి ఉన్న గది తలుపు ఎవరో తీసినట్టయింది. ఏడుపు కాదు గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పొలాల వాసన వచ్చింది, డీజిల్ వాసన వచ్చింది, ముందు సీట్లో ఎవరిదో సద్దిమూట, అందులో ఉల్లిగడ్డ. ఆదోనిలో దిగగానే పత్తి గింజల నూనె వాసన ముఖాన కొట్టింది. ఇంత కంపు ఊళ్లో ఉన్నానా ఇన్నాళ్లు అనుకుని సంతోషపడ్డాను. ఇంట్లోకి పోతే మరియంబీ చింతపండు పిసుకుతోంది, దాని పులుపు కూడా తెలిసింది. ఆ వారం అజాన్ గాజులా పలికింది. సందు మొదట్లో ఉండే ముసలాయన నా చేయి పట్టుకుని, నీకు మళ్లీ వయసొచ్చిందిరా అన్నాడు. నేను కూడా అట్లాగే అనుకున్నాను. దేవేంద్రప్ప ఇంకోటి నేర్పాడు, చెవులు బొటనవేళ్లతో మూసుకుని తుమ్మెదలా మ్మ్ అనడం. అది చేసి చూసి, ఇది మా అజాన్ కదప్పా, మాటలు తీసేసిన అజాన్, అన్నాను. ఆయన నవ్వాడు. అప్పుడు ఇద్దరం నవ్వాము. ఆ నవ్వు వినబడింది.

ఆ తెల్లవారుజాము మాత్రం నవ్వే వేళ కాదు. చలి. నిద్ర ఆలస్యమైంది. ఇంట్లో కూర్చుని నింపాదిగా కడుక్కునే తీరిక లేక, కొమ్ము చెంబు, ఉప్పునీళ్లు మసీదుకే పట్టుకుపోయాను. వజూ చేసుకునే తిన్నె మీద, రోజూ కూర్చునే చోటనే కూర్చున్నాను. అదే నేను చేసింది. ఇంకేమీ చేయలేదు. కూర్చున్న చోటు, ఎదురుగా ఉన్న కుళాయి, తడి రాయి, ఇవి చాలాయి చేతులకు. కొమ్ము ముక్కులో పెట్టుకున్నాను, నీళ్లు తగిలీ తగలగానే పీల్చేశాను. చిన్నప్పటి నుంచి ఆ రాయి మీద కూర్చుని నీళ్లు ముక్కుకు తగిలితే పీల్చడమే తెలుసు, పీల్చి, ఎడమ చేత్తో ముక్కు పట్టుకుని చీదడమే తెలుసు. మూడుసార్లు. ప్రవక్త చూపిన సున్నత్ ప్రకారం మూడుసార్లు. మొదటిసారికే నెత్తిలో సూది గుచ్చినట్టయింది, అయినా చేయి ఆగలేదు. రెండోసారి చీదినప్పుడు కుడిచెవిలో టప్ మంది. మూడోసారికి లోకం దూరం జరిగింది. సుమ్మనే ఉండు అన్నాడు దేవేంద్రప్ప. ఉండడం నాకు చేతకాలేదు. లేచి, చెవుల్లో వేళ్లు పెట్టుకుని, అజాన్ ఇచ్చాను. లోపల మోగింది. నిండుగా మోగింది. వేళ్లు తీశాక మోగలేదు.

నీళ్లు పోతాయిలే అనుకున్నాను. ఒంటికాలి మీద గెంతాను, తల పక్కకు వంచి అరచేత్తో కొట్టుకున్నాను, చిన్నపిల్లలు వంకలో ఈదొచ్చి చేసే పనులన్నీ చేశాను. నీళ్లు పోలేదు, చీము పట్టింది, జ్వరమొచ్చింది. పెద్దాసుపత్రి డాక్టరు లైటు వేసి చూసి, నాకు వినబడాలని అరిచి చెప్పాడట. నా చెవి సంగతి నాకన్నా ముందే, బయట వరసలో కూర్చున్న వాళ్లందరికీ తెలిసింది. మరియంబీ ఇంటికొచ్చాక నా ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా పెదాలతో విడదీసి చెప్పింది. చీము తగ్గుతుందంట. చెవి పొర బాగానే ఉందంట. దాని వెనక నీరు చేరిందంట, అది పోవచ్చంట, పోకపోవచ్చంట. లోపలి నరము మాత్రం ఎప్పటి నుంచో అరిగిపోతా ఉందంట, ఆ చెవిలాగే ఇదీ. ఇంతకాలం మిగిలింది ఎంతో అంత, ఇప్పుడు దాని ముందర ఈ నీళ్లు గోడ కట్టినాయంట. అట్లా చెప్పుతూ ఆమె ఏడ్చింది. ఏడుపు కూడా వినబడలేదు. చూశానంతే. విషయం తెలిసి దేవేంద్రప్ప పరుగెత్తుకొచ్చాడు. నా మంచం పక్కన కూర్చుని తల కొట్టుకున్నాడు. నీది కాదప్పా తప్పు అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, బయట నడిచిపోయేవాళ్లు లోపలికి తొంగి చూశారు. చెవిటి పెద్దమ్మా చేంతాడు తేవే అంటే చెవిపోగులు నేనెరగను అన్నదట. ఆ పెద్దమ్మను తలుచుకుని మా అమ్మ ఎంత నవ్వేదో. అమ్మా, ఆ పెద్దమ్మకు చేంతాడు తెమ్మన్నారని తెలియదు, అంతే కదా. ఆమె తప్పేముంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. చెవిటివాడే శంఖం ఊదితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. పోయిన వారం నేను చేసి చూపించాను. తెల్లవారుజామున మైకు ముందు నిలబడి, వేళ్లు చెవుల్లో పెట్టుకుని, ఎన్నడూ లేనంత బాగా పిలిచాను. అబద్ధం కాదు, నా లోపల అది నా జీవితంలోకెల్లా మంచి అజాన్. జ్వరం తగ్గి గొంతు తేలికపడింది, ముక్కు శుభ్రంగా ఉంది, ఒక్కో మాట కొండ మీది కోట దాకా పోయి తిరిగొస్తున్నట్టు అనిపించింది. కళ్లు మూసుకుని, మెడ కుడికి తిప్పి, ఎడమకు తిప్పి, నెమ్మదిగా ముగించాను. కళ్లు తెరిచేసరికి నయీమ్ మైకు తీగ పీకి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొదటి మాట నుంచీ మైకు కీచుమని అరుస్తూనే ఉందట. సందు సందంతా లేచి కూర్చుందట. పసిపిల్లలు జడుసుకున్నారట. ఒక్కళ్లకు కూడా నా పిలుపు అందలేదు, అందరికీ ఆ కీచే అందింది. పిలగాళ్లు ఆ రోజంతా నన్ను చూసి చెవుల్లో వేళ్లు పెట్టుకుని నోరు తెరిచి ఆడుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గు ఒకటే కాదు, భయం కూడా. నా లోపల అంత బాగా మోగింది బయట అంత వికారంగా ఉంటే, ఇంక నాలో మోగే దేన్ని నమ్మాలి?

నయీమ్ ఇంటికొచ్చాడు. పత్తి వ్యాపారి, చేతి కింద పదిమంది పనివాళ్లున్నవాడు, అయినా మా గడప దగ్గర చెప్పులు విడిచి, కింద చాప మీద కూర్చున్నాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పబోయి, లాభం లేక మరియంబీ వైపు తిరిగి చెప్పాడు. ఆమె నాకు పెదాలతో చెప్పింది. "చాచా, మా నాయన పెట్టిన మనిషి మీరు. నా నోటితో వద్దని యాడ సెప్పేది? శుక్రారం అసర్‌కు కమిటీ అంతా వస్తాము. మీరే ఇయ్యండి. అంతదాకా నేను ఇస్తా. బాగుంటే ఎవురూ మాట్లాడేది లేదు." బాగుంటుంది అన్నాను. అతను పోయాక మరియంబీ నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని అంది, "ఇంక సాలించుకోరాదూ. ముసలోళ్లమైతిమి." నోరు ముయ్యి అన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఎన్నిసార్లు అన్నానో ఆ మాట, కానీ ఈసారి ఆమె నిజంగానే మూసుకుంది. ఆమె నోరు మూస్తే నాకు లోకమే మూసుకుపోతుందని అప్పుడు తెలిసింది. సాయంత్రం దాకా నేనే బతిమాలాను.

ఈ వారం రోజులూ అజాన్‌కు ముందే పోయి మొదటి వరసలో కూర్చున్నాను. నయీమ్ వీపు చూస్తూ. అతను చెవుల్లో వేళ్లు పెట్టుకుంటాడు, భుజాలు లేస్తాయి, మెడ తిరుగుతుంది. నాకు ఆ వీపు ఒక్కటే వినబడుతుంది. అతని గొంతు బాగుంటుందో లేదో కూడా నాకు తెలియదు, అడగడానికి నామోషీ. ఈ రోజు ఆ వీపు నాది కావాలి. అజాన్ లేకపోతే పీరా సాబ్ ఏమిటి? పరుపులు కుట్టేవాడు. దూది పరుపు ఎవరు అడుగుతున్నారు ఇప్పుడు, అందరికీ స్పాంజి కావాలి. రేపు తెల్లవారుజామున కన్ను తెరిచి, లేచి ఎక్కడికి పోను? గోడకేసి ఇట్లాగే పడుకుని ఉంటానా, తెల్లారిందో లేదో ఇంకెవరో తట్టి చెప్పేదాకా? వద్దు. అల్లా, ఈ ఒక్క పూట ఈ నూనె పని చేయనీ. దేవేంద్రప్ప ఎప్పుడూ అనేవాడు, నీళ్లు వచ్చిన దోవనే పోతాయి, తొందరపెట్టొద్దు అని. తొందరపెట్టను. పీల్చను. చీదను. చెప్పినట్టే సుమ్మనే ఉంటాను, చూడు.

ఎండ చార ఏదీ? గోడ మీద లేదు. మబ్బు పట్టిందా? కాదు, గది అంతా ఒక్కసారిగా నీడైపోయింది, కిటికీ రెక్క మూసినట్టున్నారు. మరియంబీయే, ఎండ నా మీద పడుతుందని మూసి ఉంటుంది. దీనికి ఎన్ని చెప్పినా ఇంతే, ఆ చారే నా గడియారమని చెప్పాను కదా. మతిమరుపు ఎక్కువైంది ఈ మధ్య. ఇందాక జుమా నమాజ్ నుంచి నేనొచ్చాక కొత్తిమీర తెస్తానని పోయి, ఎంతసేపటికో వచ్చింది, చూస్తే చేతిలో కొత్తిమీర లేదు. దొరకలేదా అని సైగ చేస్తే తల వంచుకుని పొయ్యి దగ్గరికి పోయింది, నూనె కాచడానికి. సరేలే. తడుతుంది. తల ఊపింది కదా. ఈలోగా నేను లోపల ఒకసారి చెప్పి చూసుకుంటాను. మొదటి మాట కింది నుంచి ఎత్తాలి, తొందరపడకూడదు. రెండోది సాగదీయాలి. నాలుక పై అంగిట తగలకుండా గాలి ముక్కులోకి పోకుండా. మ్మ్ అని సన్నగా అన్నాను. తుమ్మెద పలికింది. లోపల అంతా తుమ్మెదే. నాయన విల్లు కూడా దాని వెనక మోగుతోంది, ధన్, ధన్. పింజెలు లేస్తున్నాయి. అమ్మ గింజలు ఏరుతోంది. దూది ఎంత తెల్లగా ఉంది, ఎంత మెత్తగా ఉంది, చప్పుడు లేకుండా అన్నిటి మీదా వాలుతోంది.

నిద్రపోలేదు. పోలేదనే అనుకుంటాను. ఎడమ భుజం తిమ్మిరెక్కి నాది కానట్టుంది. ఎంతసేపైంది? మంచం పట్టె సన్నగా అదురుతోంది, సందులోంచి ఆటో ఏదో పోయింది కాబోలు. మెడ కింద చెమట. వేళ కాలేదా ఇంకా? అయితే తట్టేది కదా. ఒకసారి మరియంబీని అడుగుదాం, నూనె పోతే పోనీ. వెల్లకిలా తిరిగాను. దూది ఉండ జారిపడింది, నూనె చెంప మీదుగా మెడలోకి చల్లగా కారింది. కాచినప్పటి వేడి ఏమాత్రం లేదు. ఇంత చల్లారిందా?

మరియంబీ నా కాళ్ల దగ్గర, నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో చేట, చేటలో కందులు. రాళ్లు ఏరుతున్న చేయి చేటలోనే ఆగిపోయింది. ఏమైందే అనబోయాను. అంతలో ఆమె చేయి పైకి లేచింది. కొంగు అందుకుంది. నెమ్మదిగా, సర్దుకుంటూ, నెరిసిన పాపిడి కనబడకుండా తల మీదికి లాక్కుంది.

ఆ చేయి నాకు తెలుసు. దూది పింజెల మధ్య ఆ చేయిని చూస్తూ పెరిగాను. తల పక్కకు వంచాను, కుడిచెవి ఖాళీ అయ్యేదాకా వంచాను, అరచేత్తో తుడిచాను, మళ్లీ పెట్టి విన్నాను. ఏమీ లేదు. గుండె చప్పుడు ఒకటే. సందు చివర మసీదు, మా ఇంటి చూరు మీదికే తిరిగి ఉన్న మైకు, అందులోంచి ఇప్పుడు నయీమ్ పిలుస్తున్నాడు, ఊరంతటికీ వినబడుతున్నాడు, నా ఇంట్లో నా పెళ్లానికి వినబడుతున్నాడు.

"ఎందుకు తట్టలేదే?" అన్నాను. అరిచానేమో. ఆమె ఉలిక్కిపడింది. చేయి ఎత్తి ఆగమంది. కళ్ల నిండా నీళ్లు, అయినా పెదాలు ఆగలేదు, కదులుతూనే ఉన్నాయి. మధ్యలో ఒక్క క్షణం ఆగి, నా వైపు తిరిగి, నేను చదువుకునేలా విడదీసి చెప్పింది, "నేనే సెప్పొచ్చినా నయీమ్‌కు. అంతమంది ముందర నిన్ను నిలబెట్టొద్దని." అందుకేనన్నమాట ఆ తేని కొత్తిమీర, మూసిన కిటికీ. నోరు ముయ్యి అనడానికి నోరు తెరిచాను. అనలేకపోయాను. ఆమె మళ్లీ కళ్లు దించుకుంది, మళ్లీ పెదాలు కదిపింది.

పెళ్లయినప్పటి నుంచి నేను పిలిచినప్పుడల్లా ఈమె ఇట్లాగే కూర్చుని, ఇట్లాగే కొంగు కప్పుకుని, ఇట్లాగే బదులు చెప్పి ఉంటుంది. రోజుకు ఐదుసార్లు. నేనెప్పుడూ చూడలేదు. చూడడానికి నేను ఇంట్లో ఉంటే కదా. నా పిలుపు ఆకాశంలోకి పోయిందనుకున్నాను. ఇక్కడికి, ఈ చేట దగ్గరికి వచ్చేదని తెలియదు.

నా చేతులు వాటంతటవే లేచి, వేళ్లు చెవుల దాకా పోయాయి. మూసుకుంటే లోపల నా గొంతు నాకు మోగుతుంది, ఇప్పటికీ, నిండుగా. అక్కడే ఆపి, చేతులు దించి ఒళ్లో పెట్టుకున్నాను. నూనె ఇంకా మెడ మీద కారుతూనే ఉంది. పిలిచేవాడు ఎక్కడి దాకా వచ్చాడో మరియంబీ పెదాలు చూసి కనుక్కున్నాను. ఆమె వెనకాలే, ఒక్కో మాట అందుకుంటూ, నేనూ బదులు చెప్పడం మొదలుపెట్టాను.